నష్టం గడి

ఇరవై రెండేళ్లుగా కాలువ గేజి చదువుతున్నాను,
పొద్దున్నే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి.
కడీ ఊరు దాటాక ఆముదం చేల మధ్య
పదకొండో నంబరు బ్రాంచికి లస్కరుని.
పేరు జేసంగ్. సంతకం వంకర.

రిజిస్టరులో నాలుగు గళ్లు:
వచ్చింది, పోయింది, ఉంది,
చివర్న ఇరుకుగా, నష్టం.
ఎవరు తాగారని ఆ గడి ఎప్పుడూ అడగదు.
నాకు తెలుసు.
వైశాఖంలో మధ్యాహ్నం రెండింటికి
సిమెంటు గట్టు మీద చెప్పుల్లేకుండా నిలబడితే
ఎవరికైనా తెలుస్తుంది.
బొక్కెన తేడు, మోటారు పెట్టడు,
పట్టపగలు అందరి కళ్లెదుటే
కాలువని అంగుళం అంగుళం పీల్చుకుపోతాడు.
వాడి మీద కేసు రాసే స్టేషను
మా తాలూకాలో లేదు.

ఆ ఏడు లారీలొచ్చాయి.
ఇనప దూలాలు, సంచుల్లో నట్లు,
అట్టపెట్టెల్లో పడుకుని వచ్చిన నల్ల పలకలు,
వాటి వెనకే ఛాప్రా నుంచి పద్నాలుగుమంది కుర్రాళ్లు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి
మంచానికి నవారు అల్లినట్టు అల్లుకుంటూ పోయారు.
తవ్విన నాటి నుంచి ఎండలోనే నడిచిన నీళ్లు
మొదటిసారి నీడలోకి దూరి
ఒక్క క్షణం తడబడ్డట్టు అనిపించింది నాకు.
"నీళ్లు మిగులుతాయి కాకా, కరెంటూ వస్తుంది,
ఎవరి సెంటు భూమీ అడగం"
అన్నాడు ధైవత్ సారు, మీసం సరిగా రాని ఇంజినీరు.
నవ్వొచ్చింది నాకు.
అంటే దొంగ చేతికే తాళాలిచ్చారన్నమాట!
ఇస్తే ఇచ్చారు.
నెలాఖరుకి నష్టం గడిలో అంకె చిక్కిపోయింది,
కాలువ కొసన జీలకర్ర వేసే మేఘ్‌జీ చేనికి
మూడేళ్ల తర్వాత తడి అందింది.

రేవు దగ్గరికొచ్చేసరికి పని ఆగింది.
మెట్లకి అడ్డంగా కూర్చుంది వేజీబా.
నల్ల ఉన్ని ఓణీ, మోచేతుల దాకా పచ్చబొట్లు,
వెనకాల నూట పది గొర్రెలు, ఒక కుంటి ఒంటె.
ఆమె అత్తగారి నాటి నుంచి
రబారీల మందలు దిగేది ఆ మెట్ల మీదే.
సారు ప్లాను విప్పి చూపించాడు:
"ఇదిగో బా, ఇక్కడ తొట్టి, ఇక్కడ పైపు."
ఆమె ఆ కాయితం అందుకుని
ముందున్న పొట్టేలు మూతికి ఆనించింది.
పొట్టేలు వాసన చూసింది.
మూల కాస్త కొరికింది.
కుర్రాళ్లు పగలబడి నవ్వారు. సారు నవ్వలేదు,
చాలాసేపటికి నవ్వాడు.

మర్నాడు సఫ్దర్ అనే ఫిట్టరు,
ఇంటి దగ్గర తనకీ మేకలున్నవాడు,
నలభై ఆరు దాకా లెక్కపెట్టి
తర్వాత యాభై ఒకటి అన్నాడు.
నాలుగు పలకలు పెట్టెల్లోనే ఉండిపోయాయి.
సారు ఫైల్లో "తనిఖీ కోసం ఖాళీ" అని రాసి
నా కళ్లలోకి చూడకుండా సంతకం పెట్టాడు.

పావురాలు దూలాల్లో అద్దె లేకుండా దిగాయి.
వారానికోసారి పలకల మీది దుమ్ము కడగడానికి
కాలువ నీళ్లే తోడుతున్నారు,
వాటిని ఏ గడిలో రాయాలో ఎవరూ చెప్పలేదు.
వంతెన మీంచి దూకే పిల్లలు మాత్రం
నా మీద ఇంకా అలిగే ఉన్నారు.

నీడ కింద మైలున్నర నడిచొచ్చిన నీళ్లు
రేవు దగ్గర బయటపడతాయి.
నాలుగు పలకల మేర ఎండ,
తడి చాప పరిచినట్టు.
అక్కడ వాడూ వంగుతాడు, పొట్టేలూ వంగుతుంది,
ఒకరి మూతి ఒకరికి అడ్డం రాదు.
నిన్న గేజి చదివి
నష్టం గడిలో చిన్న అంకె వేశాను.
పక్కన చోటు మిగిలితే
ఎవరెవరు తాగారో కూడా రాశాను,
నా వంకర అక్షరాలతో.

ఆఫీసులో ఇంకా ఎవరూ చూడలేదు.